మా ఇంటి మారుపిల్ల

మొన్న అల్ఫారెట్టాలో మా అమ్మాయి ఇంట్లో భోజనం చేస్తూ, మూతి ముడుచుకు కూర్చున్న మనవరాలిని నవ్విద్దామని "నిన్ను తవుడుకి కొన్నాం, తెలుసా?" అన్నాను. తవుడంటే ఏమిటో ఆ పిల్లకు తెలియదు కనుక ప్రమాదమేమీ జరగలేదు. స్టవ్ దగ్గరున్న మా అమ్మాయి మాత్రం వెనక్కి తిరగకుండానే "నాన్నా, ప్లీజ్" అంది.

ఎనభైల మొదట్లో మేము అమెరికాలోనే పిస్కాటవే అనే ఊళ్లో ఉండేవాళ్లం. పిల్లల్ని తవుడుకి కొన్నామని ఏడిపించడం మన ఇళ్లల్లో ఆనవాయితీ. నన్నూ ఏడిపించారు, నేనేమీ చెడిపోలేదు. ఈ విషయంలో మా ఆవిడ అభిప్రాయం వేరు. అయితే అమెరికాలో తవుడును అట్టపెట్టెల్లో పోసి, పాలతో తింటే ఆరోగ్యమని అమ్ముతారు కాబట్టి ఆ మాటలో పస పోయింది. ఆ లోటును పక్కింటి ఐరిష్ మామ్మగారు తీర్చారు. వాళ్ల దేశంలో ఫెయిరీలు ఉయ్యాల్లోంచి అసలు బిడ్డను ఎత్తుకుపోయి, తమ జాతి పిల్లను అక్కడ పడుకోబెట్టి పోతాయట. ఆ మారుపిల్లను ఆకలిని బట్టి గుర్తుపట్టాలట. ఎంత పెట్టినా ఇంకా అడుగుతుందట. ఆ వారమే, ఇంటికి వచ్చిన స్నేహితుల ముందు, ఆరేళ్ల మా అమ్మాయి మూడోసారి పప్పన్నం అడిగింది. "మా అసలు పిల్లని ఫెయిరీలు పట్టుకుపోయాయి. నువ్వు మారుపిల్లవి, అందుకే నీకింత ఆకలి" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వారు కదా అని ప్రతి వీకెండూ అన్నాను.

కొన్నాళ్లకు పిల్ల మారు అన్నం అడగడం మానేసింది. స్కూల్లో తింటోందనుకున్నాం. బట్టలు వదులయ్యాక డాక్టర్‌కి చూపించాం. ఆయన ఏ జబ్బూ లేదని విటమిన్లు రాశాడు. తిరిగి వస్తుంటే కార్‌లో వెనక సీటు నుంచి తన ముద్దముద్ద తెలుగులో అడిగింది:

"నాన్నా, అసలు పిల్ల వచ్చేస్తే నేను ఎక్కడ ఉంటాను?"

"ఫెయిరీలు అడ్రస్ ఇచ్చి వెళ్లలేదమ్మా" అన్నాను. అలవాటు.

"కార్ ఆపండి" అంది మా ఆవిడ. దిగి, వెనక సీట్లోకి వెళ్లి పిల్లను ఒళ్లోకి తీసుకుంది. నిన్ను నేనే కన్నాను, నాన్న ఊరికే జోక్ చేశారు అని చాలాసేపు చెప్పింది. అంతా విని పిల్ల "ఓకే" అంది. ఆఫీస్‌లో మనకు నచ్చని పని అప్పగిస్తే అంటామే, ఆ ఓకే.

ఆ తరవాత పెట్టినంతా తినేది. కానీ పెట్టమని అడగలేదు. బొమ్మ అడగలేదు, బట్టలు అడగలేదు. కాలేజీకి అప్లికేషన్లు తనే నింపుకుంది, పెళ్లి సంగతి మర్యాదగా తెలియజేసింది. ఇంత బుద్ధిమంతురాలిని ఎలా పెంచారని స్నేహితులు అడిగేవారు. నేను గర్వంగా ఏదో ఒక సమాధానం చెప్పేవాణ్ణి.

ఈ ఇల్లు తమదేనని పిల్లలు నమ్మే వయసు ఏడెనిమిదేళ్లకు మించి ఉండదు. మా అమ్మాయికి ఆ వయసున్న రోజుల్లో నేను ఇంటికొచ్చిన వాళ్లను నవ్విస్తున్నాను.