అవతలి జ్యా పొడవెంత?

మా చిన్నప్పుడు, ఎనిమిదో తరగతి ఆఖరి లెక్కల పరీక్ష రాసి ఆబిడ్స్ నుంచి నాంపల్లికి నడిచి వస్తున్నాం... నేనూ, సుగుణా. ఇద్దరివీ ఒకే ఇంట్లో పక్కపక్క వాటాలు.

ఊళ్ళో బళ్ళన్నిటికీ ఒకే పేపరు. అందులో మంచి మార్కులొస్తేనే తొమ్మిదిలో కాంపోజిట్ లెక్కలు. రాకపోతే జనరల్ లెక్కలు... అంటే ఇంజనీరింగ్ మాట మరిచిపోవడమే. నన్ను ఇంజనీరును చేస్తానని మా నాన్నగారు అప్పటికే బంధువులందరికీ చెప్పి ఉన్నారు.

ఆయన ఆఫీసు కర్నూలు నుంచి మారినప్పుడు మేమూ ఈ ఊరొచ్చాం. బడిలో తెలుగు పాఠం పైకి చదవాలంటే మాష్టారు నన్నే లేపేవారు. సుగుణ వాళ్ళు ఇక్కడివాళ్ళే. వాళ్ళ నాన్నకు బేగం బజార్లో పప్పుల కొట్టు. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ. పుస్తకంలో తెలుగు తను కూడబలుక్కుని చదివేది.

ఆ రోజు పేపర్లో ఒక లెక్క ఇది. 'అయిదు అంగుళముల వ్యాసార్ధము గల వృత్తమునందు, కేంద్రమునకు మూడు అంగుళముల దూరముననున్న జ్యాకు సమాంతరమై, కేంద్రమునకు అవతలి వైపున నాలుగు అంగుళముల దూరముననున్న జ్యా పొడవెంత?' జ్యా అంటే వృత్తంలో ఈ అంచు నుంచి ఆ అంచుకు గీసే గీత.

నేను ఎనిమిది వేశాను. సుగుణ ఆరు వేసింది.

ఎలాగని అడిగాను. మార్కెట్ దగ్గర ఒక కొట్టు మెట్టు మీద కూర్చుని, పేపరు వెనక పెన్సిలుతో గుండ్రం గీసింది.

"మొత్తం ఒక్కసారి చదువకు. ఆఖరుకు ఏమడిగిన్రో గది ముందు చూడు. అవతలి గీత పొడుగు అడిగిన్రు. ఇవతలిది ఉత్తగనే వెట్టిన్రు, మనం ఆగమైతమని."

నేను వేసిన ఎనిమిది ఆ ఇవతలి గీతదే. నువ్వెంత వేశావని తను అడిగింది. ఎండగా ఉంది, నడుద్దామన్నాను.

అలాంటివి ఇంకా ఉన్నాయి. దారి పొడవునా ఒక్కొక్కటీ విప్పుకుంటూ వచ్చింది. స్టేషను కనిపించేసరికి నావి ఏవేవి పోయాయో నాకు తెలిసిపోయింది.

లెక్కల్లో నాకంటే గట్టివాళ్ళు క్లాసులో ఉన్నారు. వాళ్ళ మీద నాకేమీ లేదు. కానీ ఆ వాక్యం తెలుగు... నాది అనుకున్న తెలుగు. అది తనకు అర్థమై నాకు కాలేదు. అక్కడ మండింది.

బడి తెరిచాక హెడ్మాస్టరు కాంపోజిట్ వాళ్ళ పేర్లు చదివారు. సుగుణ పేరు వచ్చింది. నాది రాలేదు.

అమ్మ ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడిగింది. "ఆ పిల్లకి తెలుగే సరిగ్గా రాదన్నావు కదే?"

నాన్నగారు బంధువుల దగ్గర ఇంజనీరు మాట మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రాలు గోడ అవతల నుంచి సుగుణ సిద్ధాంతాలు వల్లె వేయడం వినపడేది. "రా, ఇద్దరం కూసొని చేద్దాం" అని పిలిచేది. తలనొప్పి అనేదాన్ని.

తను ఇంజనీరైంది. నేను పత్రికలో చేరాను, ఇష్టంగానే పనిచేశాను. అయినా ఆ ఆరు నాకు రావలసిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

మొన్న మనవరాలి పేపరు చూశాను. ప్రతి లెక్క పక్కనా బొమ్మ అచ్చు వేసి ఉంది. కావలసిన గీతకు ప్రశ్నార్థకం కూడా పెట్టారు. సంతోషించాల్సింది... కుళ్ళొచ్చింది.

మీ క్లాసులోనూ అలాంటి మనిషి ఒకరుండే ఉంటారు. పేరు రాయండి. మర్చిపోయామని మాత్రం అనకండి... నేను నమ్మను.