సంత్ర తొక్కల గిన్నె

వాసనతో నాకే పంచాయితీ లేదు, ఎవరి ముక్కు వాళ్లది. కాని ఆ మాటను కొందరి ఇళ్లకే ఎందుకు వాడతారన్నది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. కరీంనగర్‌లో మేం కిరాయికున్న ఇంట్లో, ఆదివారం పొద్దెక్కేసరికి పై అంతస్తులోని మటన్ కూర మెట్లు దిగి మా వంటింట్లోకి వచ్చేది. అల్లం వెల్లుల్లి, గరం మసాలా, కొవ్వు కరిగిన ఘాటు అంతా కలిసి మా పరుపుల దాకా పట్టేది. దాన్ని ఎవరూ వాసన అనలేదు. మా పెనం మీద నాలుగు ఎండుచేపలు పడ్డ రోజున మాత్రం బిల్డింగ్ మొత్తానికీ వాసన వచ్చింది.

ఆ ఎండుచేపలు మా అవ్వ కోసం, నన్ను కన్నతల్లి కోసం. హుస్నాబాద్ దగ్గర మా ఊళ్లో, వాన పడ్డ వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే ఆపరేషన్ చేయించి నా దగ్గరకు తెచ్చుకున్నాను. మా ఆయనకు ఆదిలాబాద్‌లో ఉద్యోగం, వారానికోసారి వస్తారు. నేను బడిలో టీచర్ని. మిగతా రోజుల్లో ఇంట్లో ఉండేది నేను, అవ్వ. ఆపరేషన్ తర్వాత అవ్వ నోరు చచ్చిపోయింది. ఇడ్లీ పెడితే సగం వదిలేసేది. పప్పన్నం పెడితే రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టేది. మనిషి మంచంలో పలచబడి పోతోంది. డాక్టర్ నన్నే కసిరాడు. ఇట్లా తినకపోతే ఇక లేచి నడిచే ఆశ వదులుకోమన్నాడు. ఏం తింటావో చెప్పవే అని బతిమాలితే, చిన్నపిల్లలా సిగ్గుపడుతూ చెప్పింది.

"గింత ఎండు చాపల పులుసు ఉంటే తింటనేమో బిడ్డా."

అంగడి రోజు హుస్నాబాద్ పోయి నేనే తెచ్చాను. పెనం మీద వేయించి, వేడినీళ్లతో కడిగి, ఉల్లిగడ్డలు, చింతపండు, కారం వేసి పులుసు పెట్టాను. అవ్వ కంచం ఖాళీ చేసింది. వేళ్లు కూడా నాకింది. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

మర్నాడే పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరమ్మ కిందికి దిగింది. ఊళ్లో భూములు, పట్నంలో షాపులు ఉన్న కుటుంబం వాళ్లది. ఆమె మాట మెత్తన, గట్టిగా అరిచే మనిషి కాదు. ఇల్లు అడగడానికి వెళ్లినప్పుడు మేం ఏ చర్చికి పోతామో అడిగి తెలుసుకుని, "మాకు గసొంటి పట్టింపులు లేవు టీచర్" అని నవ్వుతూ తాళాలిచ్చింది. పట్టింపుల్లేని ఆ మనిషి అన్ని నెలల్లో ఒక్కసారి మా గడప దాటలేదు. చాయ్ పెడతానంటే "ఇప్పుడే తాగిన" అనేది. ఎప్పుడడిగినా ఇప్పుడే తాగి ఉండేది.

"టీచర్, ఏమనుకోకు. నిన్న మెట్లన్ని ఒకటే వాసన. మాదేముంది, పైకొచ్చెటోళ్లు ఏమనుకుంటరు చెప్పు?" అంది గుమ్మం బయట నిలబడి.

లోపల మంచం కిర్రుమంది. తిరిగి చూస్తే అవ్వ, కుట్లింకా పచ్చిగా ఉన్న కాలు కింద పెట్టి, గోడ పట్టుకుని లేస్తోంది. "దొరసాని, తప్పయింది, మల్ల వండం" అంటోంది. నేను పరిగెత్తి పట్టుకోకపోతే అక్కడే కూలిపోయేది. నా బిడ్డ చదువుకుంది, టీచరైంది అని ఊరంతా చెప్పుకునే మనిషి, నా ఇంట్లో, నా కళ్ల ముందు, తన కూరకు తాను క్షమాపణ చెప్పుకుంటోంది. అవ్వను కూర్చోబెట్టి నేను మళ్లీ గుమ్మంలోకి వచ్చేసరికి ఓనరమ్మ సగం మెట్లెక్కేసింది. నాకు ఆరోజు బళ్లో పాఠం కూడా సరిగ్గా చెప్పబుద్ధి కాలేదు.

ఆ తర్వాత అవ్వ ఎండుచేపల ఊసెత్తలేదు. "మొకం కొట్టింది బిడ్డా, పప్పే పెట్టు" అనేది. పెడితే మళ్లీ రెండు ముద్దలే. మొహం కొట్టిందట! ఆమె ఎందుకు వద్దంటోందో నాకు తెలియదా?

అప్పుడు ఫోన్లో ఒక వీడియో కనబడింది. పాలరాయిలా మెరిసే వంటింట్లో ఒకావిడ పండ్ల ముక్కలు, మసాలా దినుసులు నీళ్లలో వేసి పొయ్యి మీద సన్నగా మరిగిస్తోంది. అది తినడానికి కాదు, ఇల్లు కమ్మగా ఉండడానికట. వేపుడు వాసనలన్నీ పోతాయట. మా ఆయన వచ్చేటప్పుడు ఆదిలాబాద్ నుంచి సంచీ నిండా సంత్ర పండ్లు, అదే కమలాలు, తెచ్చేవారు. నేను ఆ తొక్కలు దాచాను. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి తొక్కలు, రెండు సంత్ర చక్రాలు, దాల్చినచెక్క, లవంగాలు, ఒక అనాసపువ్వు వేశాను. ఒక పొంగు రాగానే మంట పూర్తిగా తగ్గించాను. నీళ్లు ఇంకినప్పుడల్లా గ్లాసెడు పోస్తూ ఉంటే చాలు. కాసేపటికి ఇల్లంతా పండు తీపి, లవంగం ఘాటు కలిసిపోయి, నిజం చెప్పాలంటే, ప్రాణానికి హాయిగా ఉండింది.

"గిదేం కషాయం? నాకింత పొయ్యి" అంది అవ్వ.

"తాగేది కాదవ్వా. వాసనకు."

"గిన్ని లవంగాలేసి వాసనకా? నీకేమన్న పిచ్చి లేసిందా?" అని నవ్వింది. నేను పక్క పొయ్యి మీద పెనం పెట్టి ఎండుచేపలు వేయడం చూసి ఆ నవ్వు ఆపేసింది. ఆమెకు అర్థమైపోయింది. పులుసన్నం కలుపుకుంటూ మెల్లగా అడిగింది.

"వాళ్లు మటన్ వండినప్పుడు గీ తొక్కలు ఉడకవెడ్తరా బిడ్డా?"

నేను తొక్కల గిన్నెలో ఇంకో గ్లాసు నీళ్లు పోశాను. నా కష్టార్జితంతో కొన్న చేపలు, నేను కట్టే కిరాయి ఇంట్లో, మా అవ్వకు దొంగచాటుగా వండి పెడుతున్నాను. కాని అవ్వ తింటోంది. వాకర్ పట్టుకుని వంటింటి దాకా వస్తోంది. ఆ ఒక్కదాని కోసం కోపాన్ని మింగి తొక్కలు ఉడికించాను.

ఇక ఓనరమ్మ సంబరం చూడాలి. ఎండుచేపల జాడ ఆమెకు తెలియలేదు గాని, సంత్ర తొక్కలు మాత్రం ఆమెను కిందికి లాక్కొచ్చాయి.

"కేక్ చేస్తున్నవా టీచర్? మెట్ల మీదికే ఎంత కమ్మగ వస్తుందో!" అని గుమ్మం బయట నిలబడి కళ్లు మూసుకుని పీల్చింది.

"లోపలికి రండక్కా, చూపిస్త. గింతే పని."

"మల్లొస్తలే. జర పొద్దుగూకంగ రోజూ పెట్టరాదు, మా ఇల్లు సుత మంచిగుంటది."

మా గిన్నెలో ఉడికిన ఆవిరి ఆమె ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మా గిన్నెలో కాగిన చాయ్ మాత్రం ఆమె గొంతు దిగకూడదు. ఇదేం లెక్కో, ఏ బళ్లో చెప్పే లెక్కో, పిల్లలకు పాఠాలు చెప్పే నాకే అర్థం కాలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆమె కూతురికి సంబంధం కుదిరింది. పూలు పండ్లు పెట్టుకోవడానికి పిల్లగాని తరఫువాళ్లు వస్తున్నారని చెప్పడానికి ముందు రోజు సాయంత్రం దిగింది. నేను మనస్ఫూర్తిగానే సంతోషించాను. మమ్మల్ని పిలవడానికి వచ్చిందనుకున్నాను.

"రేపు పొద్దుగాల్నుంచే గా గిన్నె పెట్టు టీచర్. తలుపు బార్ల తెరిచి పెట్టు, మెట్లెక్కి వచ్చెటోళ్లకు మంచి వాసన రావాలె. వేరే కూరలేం చెయ్యకు. ఇంకోటి, ఏమనుకోకు, అవ్వను జర లోపలి గదిల పండవెట్టు. తలుపు తీస్తె మంచం ఎదురుంగ కనవడ్తది."

ఆమె వెళ్లాక కూడా నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆమె చెప్పినదాంట్లో పిలుపు ఎక్కడైనా ఉందేమోనని మళ్లీ వెతుక్కున్నాను. లేదు. మా వాసనను పిలిచింది, మమ్మల్ని దాచుకోమంది.

లోపలికి వస్తే అవ్వ మంచం మీద తన చీరలు మడత పెట్టి సంచీలో కుక్కుకుంటోంది.

"రేపు నన్ను బస్సెక్కియ్యి బిడ్డా. ఊళ్లె నా పొయ్యి నాకున్నది. నా నోటి కోసం నీకు ఇల్లు పోవుడెందుకు?"

ఆ పొయ్యి దగ్గర కూర్చుని వండుకునే కాలా అది? వండి పెట్టడానికి అక్కడ ఎవరున్నారు? సంచీ లాక్కుని చీరలన్నీ మళ్లీ అల్మారాలో పెట్టాను. ఆమె మీద కూడా అరిచాను. అరిచింది నిజానికి ఆమె మీద కాదు.

పొద్దున లేచి నిన్నటి నుంచి గిన్నెలో నానుతున్న తొక్కలన్నీ చెత్తబుట్టలో పారబోశాను. పెనం పెట్టాను. ఎండుచేపలు రెండింతలు వేయించాను. పులుసు కుతకుతా ఉడికింది. తలుపు తెరిచి పెట్టమంది కదా, బార్లా తెరిచే పెట్టాను. పట్టుచీరలు, పండ్ల పళ్లాలు మెట్లెక్కుతున్నాయి. ఒకామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకెవరో పెద్దాయన ఆగి, "ఎవరింట్ల గానీ, పొద్దుగాల్నే ఆకలి లేపిండ్రు" అని నవ్వుకుంటూ పోయాడు.

"తలుపెయ్యి బిడ్డా, నీ కాల్మొక్త" అంది అవ్వ కంచం ముందు బిగుసుకుపోయి.

"వెయ్యను. నువ్వు తిను."

చుట్టాలంతా పైకి చేరాక ఓనరమ్మ దిగి వచ్చింది. నగలతో, చెమటతో, మొహం ఎర్రగా ఉంది.

"నా ఇజ్జత్ తీసినవ్ కదా టీచర్! గీ నెల కాంగనే ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి."

"ఆదివారం మీ కూర అడగకుంటనే మా ఇంట్లకు వస్తది అక్కా. మేమెన్నడన్న మెట్లెక్కి వచ్చి అడిగినమా?"

ఆమె నోరు తెరిచింది. నా దగ్గర ఇంకా చాలా మాటలున్నాయి, నెలల తరబడి మింగినవన్నీ గొంతు దాకా వచ్చాయి. అంతలో వెనక నుంచి అవ్వ గొంతు వినబడింది. పై అంతస్తుకు కూడా వినబడేంత గట్టిగా.

"బిడ్డా, ఇంకింత అన్నం పెట్టు. పులుసు సుత పొయ్యి."

ఆపరేషన్ అయినప్పటి నుంచి అవ్వ మారు అన్నం అడగడం అదే మొదటిసారి. ఖాళీ చేస్తాం లెండి అక్కా అని చెప్పి, నేను వడ్డించడానికి లోపలికి వెళ్లాను.