ఆఖరి నల్లబంతి

టికియాపారా పేటలో ఉండే పైడిరాజు ముప్పై ఏళ్లుగా ఒక క్లబ్బులో స్నూకర్ బల్ల పక్కన నిలబడి స్కోరు చెబుతున్నాడు. అందరికీ అతను రాజూదా, అంటే బెంగాలీలో రాజన్న. బంతిని రుమాలుతో తుడిచి, బల్ల మీది చుక్కపై పెట్టి, ఊపిరి బిగబట్టి వెనక్కి తగ్గుతాడు. ఆటలో గరిష్ఠమైన నూట నలభైయేడు పాయింట్లు ఒకే విడతలో పూర్తిచేసిన మొనగాళ్ల గొడవ అతనికి పట్టదు. నూట నలభై దాకా వచ్చి, ఏడు పాయింట్ల ఆఖరి నల్లబంతి తప్పిన ప్రొఫెషనల్ ఆటగాళ్ల పేర్లే పేపర్లలో వెతికి చిన్న పుస్తకంలో రాసుకుంటాడు.

ఈ మధ్యాహ్నం బ్యాంకు ఆఫీసరు అనంతకృష్ణకి ఆ నల్లబంతి ఒక్కటే మిగిలింది. అతను కర్ర మొనకి సుద్ద రాస్తూ పైడిరాజు వైపు తిరిగాడు.

"ఎంతయింది రాజూదా?"

"నూట నలభై బాబూ..." స్కోరు తప్ప మరో మాట ఎరగని మనిషి ఆగలేకపోయాడు. "ఇంకేటీ సూడొద్దు. బంతినే సూడండి."

బంతి పాకెట్ అంచుకు తగిలి, ఊగిసలాడి, లోపల పడింది. అంతా చప్పట్లు కొట్టారు. పైడిరాజు గోడకి ఆనుకుని, చొక్కా జేబులోని పుస్తకాన్ని అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. అందులో ఒక్క పేరు మాత్రం ప్రొఫెషనల్‌ది కాదు. పదకొండేళ్ల కిందట, క్లబ్బులో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం, ఇదే బల్ల మీద తప్పిన పైడిరాజుది.