ఇగరాషి గారి తీర్పులు

మా కితకత ఊళ్ళో పొద్దున్నే రామెన్, అంటే వేడి సూపులో నూడుల్సు, తినడం అలవాటు. కనాయో పిన్ని కొట్టు గుమ్మానికి తెర వేలాడిందంటే సూపు కాగిందన్నమాటే. లోపల ఒకటే పొడుగాటి బల్ల. దాని చివరి కుర్చీ ఇగరాషి గారిది. ఎవరూ ఇవ్వలేదు, ఆయనే తీసుకున్నారు.

ఆయన డ్రైవింగ్ స్కూల్లో చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా పక్క సీట్లో కూర్చుని ఇంకొకరి తప్పుకి బ్రేకు తొక్కిన మనిషి. రిటైరయ్యాక ఆ తొక్కుడు మా గిన్నెల మీద పడింది.

“రుచి చూడకుండానే మిరియాలా? అద్దం చూడకుండా బండి తిప్పినట్టుంది!” అని ఒకసారి నా చెయ్యి పట్టుకుని ఆపారు. నేను మంగలిని. రోజూ నలుగురి మెడల మీద కత్తి పెట్టేవాణ్ణి. అయినా డబ్బా కింద పెట్టేశాను.

పిన్నికీ రోజూ తీర్పు తప్పేది కాదు.

“అమ్మా, ఇవాళ సూపులో ఎండుచేప కాస్త గట్టిగా మాట్లాడుతోంది.”

“అలాగే సార్, రేపు దాన్ని నోరు మూసుకోమంటాను.”

చలికాలంలో ఆయన జ్వరంతో మంచం పట్టారు. మేం హాయిగా తిన్నాం. తిరిగి వచ్చేసరికి మనిషి చిక్కారు గాని తీర్పులు మాత్రం బలిశాయి.

ఒకరోజు పొద్దున పిన్ని కూతురు ప్రసవించిందని ఫోనొచ్చింది. ఆ సంబరంలో పిన్ని గిన్నెల అడుగున పోయాల్సిన ఉప్పటి సోయా రసం పోయడం మరిచిపోయింది. నేనొక గుక్క తాగాను. గిన్నెలు కడిగిన వేణ్ణీళ్ళే నయం. పక్కనున్న ఎందో అనే పోస్ట్‌మ్యాన్ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తలొంచుకుని జుర్రాడు. నేనూ ఇంకో గుక్క తాగాను.

ఇగరాషి గారు కళ్ళు మూసుకుని తాగారు. “ఇదీ! ఇన్నాళ్ళకి ఉప్పు కుదిరిందమ్మా.”

పిన్ని మురిసిపోతూ సోయా జాడీ వైపు చూసింది. మూత తీయనే లేదు. “ఉప్పా? ఇందులో ఉప్పే వెయ్యలేదు కదండీ!”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “జ్వరం తగ్గినప్పటి నుంచీ... వేడి తెలుస్తోంది. అంతే.”

“ముందే చెప్పకూడదా?”

“చెబితే నా మాట ఎవరు వింటారు?”

ఎందో ముక్కులోంచి నూడుల్సు వచ్చేలా నవ్వాడు. నేనూ నవ్వాను. పిన్ని గరిటె బల్ల మీద కొట్టింది.

“ఆయనకంటే జ్వరమొచ్చి నాలుక పోయింది. మీ నాలుకలకేం రోగం? ఒక్కడైనా చెప్పాడా?”

నా గిన్నె దాదాపు ఖాళీ.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇగరాషి గారు రాలేదు. “రాకపోతే కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తానని చెప్పు” అని పిన్ని ఎందో చేత కబురంపింది. మర్నాడే దిగారు. సూపు చప్పరించి, గోడ వైపు చూస్తూ పక్క కుర్చీలో ఉన్న నన్ను గొణుగుతూ అడిగారు: “ఎలా ఉంది?”

“కొవ్వు ఎక్కువైందండీ,” అన్నాను లోగొంతుతో.

“అమ్మా! కొవ్వు ఎక్కువైంది!” కొట్టు అదిరిపోయింది.

పిన్ని గరిటెతో రుచి చూసి, నన్ను ఎగాదిగా చూసి, “నిజమే” అంది.

ఇప్పుడు ఆయన పక్క కుర్చీకి పోటీ. సూపు మీదే కాదు, తలుపు సందులోంచి వచ్చే చలిగాలి మీద, ఎందో జుర్రే చప్పుడు మీద కూడా ఫిర్యాదులు ఆయన చెవిలో ఊదేస్తున్నాం. ఆయన లేచి నిలబడి మరీ గట్టిగా చెబుతారు. మేం మర్యాదస్థుల్లా తలొంచుకుని తింటాం.