జెట్ రైలుకు మైల పట్టిన తేనెటీగలు

లెయోంతీన్ మా పక్కింటి మనిషి. మొగుడు పోయాక ఆమెను సాకింది తేనెటీగలే. ఓర్లియాన్ ఊరికి ఉత్తరాన మా పొలాల మీదుగా స్తంభాలెత్తి సిమెంటు దారి వేస్తే, నీడ బాగుందని పెట్టెలన్నీ దాని కిందికే చేర్చింది.

ఆ దారిమీద రోజూ ఒకే వేళకు జెట్ రైలును పరీక్షించేవారు. చక్రాల్లేవు, గాలిమీద తేలేది. వీపున విమానం ఇంజను. అది వచ్చేముందే ఈగలు పెట్టెల్లో దూరి గప్‌చుప్. ఆ తర్వాతే మనకు దాని అరుపు వినిపించేది, కాఫీ గిన్నెలు వణికేవి. అది పోగానే ఈగలు మళ్ళీ పనిలో పడేవి.

ఓ ఏడాది సర్కారువాళ్ళు ఆ రైలు ఇంక వద్దనుకున్నారు. రైలును షెడ్డులో పెట్టి తాళం వేశారు. నేను వెళ్ళి సందులోంచి చూసొచ్చాను కూడా. దుమ్ము కొట్టుకుని పడుంది.

ఆ వసంతంలో పొలాల నిండా పసుప్పచ్చటి పూలు. ఈగలు మాత్రం గడప దాటలేదు.

"ఇట్లాగే ఉంటే చలికాలానికి తిండిలేక చస్తాయి. వాటితోపాటు నేనూ" అంది లెయోంతీన్.

ఉండబట్టలేక పెట్టెకు చెవి ఆనించాను. చప్పుడు లేదు. లోపల వేలమంది ఊపిరి బిగబట్టి వింటున్నట్టుంది.

"నీ ముక్కు దూరని చోటు లేదనుకున్నా. ఇప్పుడు చెవి కూడానా అక్కా?" అంది లెయోంతీన్.

"నోర్ముయ్యవే. ఇవి ఆ రైలుకోసం కాచుకున్నాయి. ఇంట్లో చావు జరిగితే తేనెటీగలకు చెప్పాలంటారు కదా. మీ ఆయన పోయినప్పుడు వీటికి చెప్పావా?"

"చెప్పకుండా ఉంటానా? పెట్టెలకు నల్లగుడ్డలు కూడా కట్టా."

"మరి ఆ రైలు పోయిందని ఎవరు చెప్పారు?"

"యంత్రానికి మైలేంటక్కా! ఫాదర్ గారు వింటే నవ్విపోతాడు."

"నవ్వనీ. తేనె ఆయన తీస్తాడా?"

మర్నాడు పొద్దున లెయోంతీన్ ఇంటి తాళంచెవితో ఒక్కో పెట్టెనూ మూడుసార్లు తట్టింది. "జెట్ రైలు చచ్చిపోయింది బిడ్డల్లారా. ఇంక రాదు. మీకు నేనున్నా." వెనకాలే నేను నల్లగుడ్డలు కడుతూ పోయాను. చివరి ముడి పడేసరికి మొదటి పెట్టెలోంచి ఈగలు బయటికొచ్చాయి. మధ్యాహ్నానికి పొలమంతా ఝుమ్మంది. లెయోంతీన్ ఏడుస్తూనే నవ్వింది.

సరిగ్గా రైలు వచ్చే వేళకి, ఆకు కూడా కదలని ఎండలో, నల్లగుడ్డలన్నీ ఒక్కసారిగా లేచాయి. అన్నీ రైలు పోయే పారిస్ వైపే సాగి, మెల్లగా వాలాయి. పైన దారి ఖాళీ. ఈగలు పట్టించుకోలేదు.

లెయోంతీన్ తలెత్తి ఆ దారిని చూసింది.

"వీటికైతే చెప్పాం. తాను పోయిందని ఆ రైలుకెవరు చెబుతారక్కా?"

తాళంచెవితో స్తంభం దగ్గరికెళ్ళి చెయ్యెత్తింది. తట్టలేకపోయింది.

ఆమె బతికినన్నాళ్ళూ తేనెకు లోటు రాలేదు. నల్లగుడ్డలు మాత్రం ఎవరినీ విప్పనివ్వలేదు. ఆ వేళకి గుడ్డలు పైకి ఎగరని రోజున గానీ రైలు నిజంగా పోయినట్టు కాదట.