రెండోసారి మొదటి రోజు

ఈ పరాయి దేశంలో, సార్నియాలో దిగిన ప్రతి తెలుగు స్టూడెంటూ ఏదో ఒకటి మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటున్న రోజులవి. హైదరాబాదు ట్రాఫిక్‌లో ఆరేళ్ళు కారు నడిపినవాడు ఇక్కడి డ్రైవింగ్ టెస్టులో రెండుసార్లు ఫెయిలయ్యేవాడు. ఊళ్ళో బ్యాంకు ఉద్యోగం మానేసి వచ్చినామె కాఫీ కప్పు మీద మూత పెట్టడానికి మూడు రోజులు ట్రైనింగ్ తీసుకునేది. అందరిదీ అదే అవస్థ కాబట్టి ఎవరికీ సిగ్గనిపించేది కాదు, నాకు తప్ప. ఎందుకంటే నేను మాజీ సైనికుణ్ణి (ఆ సంగతి పరిచయమైన రెండు నిమిషాల్లోనే చెప్పేసేవాణ్ణి). పద్దెనిమిదేళ్ళకు మన నేవీలో నావికుడిగా చేరాను. నాలుగేళ్ళయ్యాక నాన్న పోవడంతో, ఇంటికి ఒక్కడే కొడుకునని అర్జీ పెట్టుకుని బయటికొచ్చాను. తర్వాత డిగ్రీ, స్టూడెంట్ వీసా, సార్నియా కాలేజీ, అన్నీ వరసగా అయ్యాయి. శాశ్వతంగా ఉండిపోయే అనుమతి, అదే పీఆర్, చేతికి రాగానే ఇక్కడి ఆర్మీ రిజర్వుకి అప్లై చేశాను. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. యూనిఫారం మీద యావ మాత్రం పద్దెనిమిదేళ్ళవాడిదే.

అప్లికేషన్‌లో ‘ఇంతకు ముందు సైన్యంలో పనిచేశారా?’ అని ఒక గడి ఉంది. ఆ గడి చూసి పొంగిపోయాను. పాత సర్వీసును లెక్కలోకి తీసుకుని బేసిక్ ట్రైనింగ్ మినహాయించే వీలుంటుందని ఎవరో చెప్పారు. అసలే నేవీ నుంచి ఆర్మీకి మారుతున్నవాణ్ణి, ఓడ దిగి నేల మీద నడవడానికి మళ్ళీ శిక్షణేమిటని నా వాదన. డిశ్చార్జి కాగితాలను లామినేషన్ చేయించి, వాటి జిరాక్సుల మీద ఇండియాలో గెజిటెడ్ ఆఫీసరు చేత సంతకాలు పెట్టించి కొరియర్లో తెప్పించి, ‘గౌరవనీయులైన అయ్యా’ తరహా ఇంగ్లిషులో రెండు పేజీల ఉత్తరం జతచేశాను. రిక్రూటింగ్ ఆఫీసులోని ఆయన లామినేషన్‌ను గోటితో గీరి చూసి, ఇది స్కానర్లో మెరిసిపోతోంది, మామూలు కాగితం లేదా అని అడిగాడు. ఆరు వారాలకు జవాబొచ్చింది. ఒకటే వాక్యం. మీ సేవకు ధన్యవాదాలు, మీరు బేసిక్ మొదటినుంచి చెయ్యాలి.

మా అద్దె ఇంట్లో నాతో పాటు ఉండే వరంగల్ తమ్ముడు ఆ మెయిల్ నా భుజం మీదుగా చదివి, “ఏందన్నా, మల్ల ఒకటో తరగతిల కూసుంటవా?” అన్నాడు. “కూర్చుంటాన్రా, అయితే ఏంటి?” అన్నాను కోపంగా. “ఏం లేదన్నా, జర పెన్సిల్ డబ్బా కొనుక్కో,” అని పోయాడు.

మే నెలలో జార్జియన్ బే అనే పెద్ద సరస్సు పాయ ఒడ్డున ఉన్న శిక్షణ కేంద్రంలో బస్సు దిగాను. నీళ్ళ మీదనుంచి పొగమంచు లేచి బ్యారక్‌ల కిటికీల దాకా వచ్చి ఆగి ఉంది. బూటు పాలిష్, తడి దుప్పటి, ఫినాయిల్ కలిసిన వాసన. పదకొండేళ్ళ కిందట ఒరిస్సాలో ఒక పెద్ద సరస్సు పక్కన దిగినప్పుడు కొట్టిన వాసన అదే. ఇనుప మంచాలు అవే, గోడకు వేసిన లేత ఆకుపచ్చ రంగు అదే. మా సార్జెంటు పొట్టిగా ఉండే ఒకావిడ. పొగమంచులో ముందు ఆమె గొంతు వచ్చేది, చాలాసేపటికి ఆమె వచ్చేది. అందుకని నా మనసులో ఆమెకు ‘గొంతు’ అని పేరు పెట్టుకున్నాను. మొదటి సాయంత్రం ‘గొంతు’ మా సెక్షన్‌ను నడిపించి హాల్ట్ అంది. అందరి కాళ్ళూ ఆగాయి. ఒక్క క్షణం తర్వాత ఇంకో కాలు నేలను తన్నింది. “ఎవరిదా కాలు?” అంది. నాదే. పాత నేవీ డ్రిల్లు అలవాటు, మెదడు ఆగినా కాలు ఆగలేదు. మూడు రోజులు దిద్దినా ఆ ఎక్కువ అడుగు పోలేదు. మిగతావాళ్ళు మా సెక్షన్‌లో దయ్యం ఒకటి నడుస్తోందని నవ్వుకున్నారు.

నాలుగో రోజు నుంచి నవ్వడం మానేశారు. అది నా ఘనకార్యమే. నాకు ఇక్కడ జరగబోయేదంతా ముందే తెలుస్తుండేది. “రేపు టిఫిన్‌కి ముందు ఫైర్ అలారం మోగుతుంది, సాక్సులు వేసుకునే పడుకోండి,” అన్నాను, మోగింది. “తలుపు నుంచి మూడో మంచం ఎంత బాగా సర్దినా సార్జెంటు తిరగేస్తుంది,” అన్నాను, తిరగేసింది. “ఇవాళ మనతో మంచిగా మాట్లాడే ఆఫీసరొకాయన వస్తాడు, ఇళ్ళ గురించి అడుగుతాడు,” అన్నాను, వచ్చి అడిగాడు. ఏ దేశంలోనైనా రిక్రూటును విరిచి అతికించే పద్ధతి ఒకటేనని వాళ్ళకేం తెలుసు? ఆ రహస్యం చెప్పెయ్యచ్చు. కానీ పొద్దున్నే ఆరడుగుల కుర్రాళ్ళు నా మంచం దగ్గరికొచ్చి, ఇవాళ ఏమవుతుందని గుసగుసగా అడుగుతుంటే నాకు మహా కులాసాగా ఉండేది. కళ్ళు సగం మూసి, కాస్త ఆగి చెప్పేవాణ్ణి (ఆ ఆగడం ఎక్కడ నేర్చుకున్నానో నాకే తెలియదు). ఒక పల్లెటూరి కుర్రాడైతే నాకు ఎదురొస్తే పక్కకు తప్పుకునేవాడు.

ఒక్క మనిషి మాత్రం ఏమీ అడిగేది కాదు. మార్కమ్ అనే ఊరి నుంచి వచ్చిన తెలుగువాళ్ళ అమ్మాయి. అమ్మానాన్నలు ఐటీలో, తను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. నేను తెలుగులో పలకరిస్తే ఇంగ్లిషులో జవాబిచ్చేది, చివర్లో మాత్రం ‘అంకుల్’ అనేది. ఇరవై తొమ్మిదేళ్ళకే అంకుల్! యూనివర్సిటీ మధ్యలో మానేసి ఇందులో చేరిందని, ఇంట్లో పెద్ద గొడవయిందని విన్నాను. ఎనిమిదో రోజున ఆమె తన సబ్బు పెట్టె పక్కమ్మాయికి ఇచ్చేసింది. తొమ్మిదో రోజున ఎవరికో కొత్త సాక్సులిచ్చింది. పదో రోజు మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి బూటు బ్రష్ చేతిలో పెట్టి, “అంకుల్, టేక్ ఇట్, ఐ డోంట్ నీడ్ ఇట్,” అంది. మంచి బ్రష్. దాన్ని జేబులో పెట్టుకోలేక, తిరిగి ఇవ్వలేక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

ఎందుకో చెప్పాలి. ఆ ఒరిస్సా శిక్షణలో నా పై మంచం మీద పడుకునే శ్రీకాకుళం వాడు ఒకడుండేవాడు. ‘పైబెర్తు’ అని పిలిచేవాళ్ళం. వాడూ అలాగే ఒక్కో వస్తువూ పంచిపెట్టాడు. నాకు బూటు బ్రష్ ఇచ్చాడు, నేను సంతోషంగా తీసుకున్నాను. పదకొండో రోజు పొద్దున పరుగులో, సరస్సు మీది మంచులో, వాడు లేసు కట్టుకోవడానికి వంగాడు. ఆగబోయాను. “నువ్వెల్రా, నానొస్తన్నాను,” అన్నాడు. నేను వెళ్ళిపోయాను. ఆగితే నా టైము పోతుంది. వాడు రాలేదు. రెండు రోజులు పడవలేసుకుని వెతికారు. తర్వాత పై మంచం మీది పరుపు చుట్టేశారు. వాడు ఊరికి పారిపోయాడో, మరేమయ్యాడో మాకెవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగలేదు కూడా.

పదో రోజు సాయంత్రమంతా ఆ అమ్మాయి గురించి ‘గొంతు’కు చెప్పాలని తిరిగాను. ఏమని చెప్పను? బ్రష్ ఇచ్చింది మేడమ్, నాకు భయమేస్తోంది అనా? అన్ని రోజులూ ఊరికే జోస్యాలు పంచినవాణ్ణి, నిజంగా చెప్పాల్సిన ఒక్కటి నోటికి రాలేదు.

పదకొండో రోజు పొద్దున ఏడింటికి పరుగు. అప్పటికి తెల్లారి చాలాసేపయింది, కానీ మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందువాడి వీపు తప్ప ఏమీ కనపడటం లేదు. రోడ్డుకు ఎడమ పక్కన బే నీళ్ళు రాళ్ళను తాకుతున్న చప్పుడొక్కటే. నేను కావాలనే చివర్లో ఆమె పక్కన పరిగెత్తుతున్నాను. రెండో మలుపు దగ్గర ఆమె వంగింది. చెయ్యి లేసు మీద ఉంది. “యూ గో అహెడ్, అంకుల్. ఐయామ్ కమింగ్.”

నేను వెళ్ళాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ కాళ్ళు వాటంతటవే ముందుకు పోయాయి. ఇరవై అడుగులు పోయాక బలవంతంగా ఆగాను. చప్పుడు లేకుండా, ఎక్కువ అడుగు లేకుండా, మొదటిసారి సరిగ్గా ఆగాను. అప్పుడు నా వెనకే ఇంకో అడుగు పడింది. ఒక్కటే, గట్టిగా. తిరిగి చూస్తే మంచు తప్ప ఎవరూ లేరు. “ఒరే!” అని అరిచాను. ఎవర్ని పిలిచానో నాకే తెలియదు. వెనక్కి పరిగెత్తాను.

ఆమె రోడ్డు దిగి నీళ్ళ వైపు నడుస్తోంది. తొందరేమీ లేకుండా, బస్సు కోసం నడిచినట్టు. “అమ్మా, ఆగు!” అంటూ రోడ్డు మీదనుంచి దూకాను. అక్కడ గుంట ఉందని పదకొండేళ్ళ నాటి అనుభవం కూడా చెప్పలేదు. కాలు మడతపడి, చీలమండ దగ్గర ఏదో పటుక్కుమని, వెల్లకిలా పడి, రాయకూడని మాటలన్నీ మాతృభాషలో అరిచాను. ఆమె ఆగింది. వెనక్కొచ్చి నన్ను చూసింది. “ఎక్కడికే వెళ్తున్నావ్?” అన్నాను ఏడుపు గొంతుతో. “ఐ డోంట్ నో. జస్ట్ దట్ వే,” అని నీళ్ళ వైపు చూపించింది. తర్వాత, ఎన్నడూ లేనిది, తెలుగులో అంది. “ఇంటికి వెళ్ళలేను. ఇక్కడ ఉండలేను.” “నేను లేవలేను,” అన్నాను. అదే నిజం. ఆమె కళ్ళు తుడుచుకుని, నా చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని, ఆ మంచులో మైలున్నర దూరం నన్ను ఈడ్చుకొచ్చింది. దారంతా ఇద్దరం ఏడుస్తూనే ఉన్నాం, నేను కాలు నొప్పికని చెప్పుకున్నాను.

ఆ సాయంత్రం ‘గొంతు’కు అంతా చెప్పాను, బ్రష్ గురించి, పైబెర్తు గురించి, నా జోస్యాల గురించి. ఆవిడ ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. అమ్మాయి దగ్గర అక్కడి పాద్రీ గారు, డాక్టరు చాలాసేపు కూర్చున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు మర్నాడే కారేసుకుని వచ్చారు. వారం గడిచాక ఆమె తనంతట తానే పరుగులోకి తిరిగొచ్చింది, కోర్సు పూర్తి చేసింది. నాకు మాత్రం కాలికి కట్టు కట్టి ఇంటికి పంపారు. నయమయ్యాక వచ్చే బ్యాచ్‌తో బేసిక్ మొదటినుంచి చెయ్యాలన్నారు. ఈసారి ఉత్తరం రాయలేదు. ఆ మూడో బేసిక్‌లో ఎవరికీ జోస్యం చెప్పలేదు. ఎవరైనా ఏదైనా పంచిపెడుతున్నారా అని చూస్తూ తిరిగాను. నా కాలు అందరితో పాటే ఆగేది.

ఆ బ్యాచ్ పాసైన రోజు పరేడ్ అయ్యాక మార్కమ్ అమ్మాయి యూనిఫారంలో వచ్చింది, వెనక వాళ్ళమ్మగారు. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, “అది మీ గురించి ఏమీ చెప్పదు బాబూ. నన్ను ఆగమని పిలిచాడు, అంతే అంటుంది,” అన్నారు. కళ్ళు నిండిపోయి ఉన్నాయి. “లేదు ఆంటీ, మీ అమ్మాయే నన్ను మోసుకొచ్చింది,” అన్నాను. వెనకనుంచి అమ్మాయి, “అండ్ హీ ఈజ్ సో హెవీ, అమ్మా,” అంది. ముగ్గురం నవ్వాం.

పైబెర్తును వదిలి పరిగెత్తిన ఆ పద్దెనిమిదేళ్ళవాడంటే నాకు చాలా కాలం కోపం. ఆ సాయంత్రం సార్నియా బస్సులో కూర్చున్నాక మొదటిసారి వాడి మీద జాలేసింది. పాపం, వాడికి ఆగడం ఎవరూ నేర్పలేదు. నేర్చుకోవడానికి వాడికి మూడు బేసిక్‌లు పట్టాయి.