బెత్తెడు ఎడం

రోజూ పొద్దున్నే టైలరక్క బట్టల మూట చంకన పెట్టుకుని, కత్తెర పట్టుకుని పక్కింటి వరండాలోకి నడుస్తుంది. బట్ట కత్తిరించేది అక్కడి బల్ల మీద. కుట్టేది తన ఇంట్లో. కొత్తగా చూసినవాళ్లకి విడ్డూరంగా ఉంటుంది.

ఒకప్పుడు మిషను పడగ్గదిలో ఉండేది. మంచం నిండా చొక్కాలు, వంటింట్లో కూడా గుండీలే. భర్తది రాత్రి డ్యూటీ, పగలు పడుకోవాలి. "నేనో మిషనో తేల్చుకో" అనేవాడు నవ్వుతూనే. కానీ ఆయన కళ్ల కింద నలుపు చూడలేక అక్క కుట్టుపని సగానికి తగ్గించేసింది. పెరట్లో చిన్న గది వేసుకుంటే తప్ప పని నిలబడదు.

పెరటి గోడ ఉమ్మడిది. దాని అవతల, వాచీలు బాగుచేసే పక్కింటి బాబాయి పని గది. దూలం ఆ గోడ మీదే ఆనిస్తే ఇంకో గోడ అక్కర్లేదని మేస్త్రి అన్నాడు. అక్క ఒప్పంద కాగితం రాయించి తీసుకెళ్లింది.

బాబాయి చదివాడు. "దూలం సరేనమ్మా. దాని కింద ఏం పెడతావు?"

"మిషను, బాబాయ్."

ఆయన పెన్ను కింద పెట్టేశాడు.

మర్నాడు ఇద్దరూ పరీక్షించారు. అక్క మిషనుని గోడకి ఆనించి నడిపింది. అవతల గోడకి బిగించిన బల్ల మీద వాచీ మరలు గంతులేశాయి. ఒకటి దొర్లి ఎటో పోయింది. అక్క అటు వెళ్లాక ఇద్దరూ నేల మీద వంగి వెతికారు.

"ఇది దొరక్కపోతే ఆ వాచీ ఆయన నన్నే చేతికి కట్టుకుపోతాడు," అన్నాడు బాబాయి.

అక్కకి నవ్వు రాలేదు. "అయితే నేను కుట్టడం మానేయాలా?"

"మానేస్తే నా చొక్కాలెవరు కుడతారు? నీ గోడ నువ్వు వేసుకో. ఈ గోడకి బెత్తెడు ఎడం ఉంచు, అదురు ఇటు రాదు."

"ఇంకో గోడకీ ఎడానికీ చోటు పోతే మిషను పడుతుంది గానీ, కత్తిరించే బల్ల పట్టదు బాబాయ్."

మర దొరికింది. బాబాయి దాన్ని డబ్బాలో వేసి, కాగితం తనవైపు లాక్కుని, దూలం మాట కొట్టేసి, అడుగున ఇలా రాశాడు: "బట్ట కత్తిరించడానికి నా వరండా వాడుకోవచ్చు. కత్తెర చప్పుడుకి అభ్యంతరం లేదు." సంతకం చేశాడు.

"ఈ సందులోకి నా చెయ్యే దూరదు, తాపీ ఏం దూరుతుంది?" అని సణుగుతూనే మేస్త్రి గోడ లేపాడు. సందులో వాన పడకుండా పైన రేకు కప్పాడు.

మిషను గదిలోకి మారిన రోజు అక్క భర్త ఎంతకీ లేవలేదు. ఆవిడ భయపడి ఒకసారి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి కూడా చూసింది.

బాబాయి వరండా తలుపుకి రెండు తాళంచెవులున్నాయి. ఒకటి అక్క దగ్గరే ఉంటుంది.